రెండు వేళ్ల బాంజో

జనవరి 8

రేపు నాష్‌విల్ ప్రయాణం, రికార్డు చెయ్యడానికి. వ్యాన్ సర్దడం అయిపోయింది. కార్బిన్ తన నిలువెత్తు బేస్ వాద్యాన్ని దుప్పటిలో చుట్టి, వెనక సీట్లో పడుకోబెట్టి, దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు. మా పెళ్ళయి ఆరేళ్ళు. నాకెప్పుడూ అంత జాగ్రత్తగా బెల్టు పెట్టలేదు.

వెర్లిన్ మామయ్యకు స్కూలువాళ్ళు నాలుగు రోజులే సెలవిచ్చారు. బస్సు నడపడానికి వేరే మనిషి దొరకలేదట. మిగతా ముగ్గురం, అంటే నేను, కార్బిన్, ఫిడేలు వాయించే టాన్సీ, పన్నెండు రోజులూ అక్కడే ఉంటాం. మామయ్య వాయించే తీగల వాద్యం, బాంజో, దాని పని ముందుగా ముగించమని ప్రొడ్యూసర్‌కు రాశాను. సరేనన్నాడు.

అమ్మ ఎండు యాపిల్ కేకు కట్టి ఇచ్చింది. "మా తమ్ముణ్ణి చూసుకోవే. వాడసలే మొహమాటస్థుడు, ఆకలేసినా నోరు తెరిచి అడగడు" అంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి గురించి.

తొమ్మిదేళ్ళ పాటు 'మాలీ ఫోర్క్' అంటే మా వాగు పేరే తప్ప మా బృందం పేరని మా లోయ దాటితే ఎవరికీ తెలీదు. చర్చి కింది గదిలో, చేపల విందుల్లో వాయించుకునేవాళ్ళం. వరద వచ్చిన ఏడు, బురద ఎత్తిపోసి ఎత్తిపోసి అలసిపోయి స్కూలు మెట్ల మీద కూర్చుని నా పాటొకటి పాడుకుంటే ఎవరో ఫోనులో తీసి లోకం మీదికి వదిలారు. అదిగో, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా. ఆ వీడియోలో మొదట కనిపించేది నా మొహం కాదు, మామయ్య చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు. రెండే. మా అమ్మమ్మ ఆయనకు నేర్పిన పద్ధతి.

ఆ పాట పేరే రికార్డుకు పెడుతున్నాం. 'మూడో మెట్టు దాకా.' వరద నీళ్ళు ఎక్కింది అక్కడిదాకానే.

జనవరి 11

ప్రొడ్యూసర్ పేరు ప్రెస్కాట్. గొంతు పెంచడు. అరిచే మనిషైతే నేనూ తిరిగి అరిచేదాన్నేమో.

అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చారు. తాళం తప్పకుండా వాటిలో టిక్ టిక్‌మని ఒకటే చప్పుడు.

"ఇదేంటే రో, చెవిలో గడియారం పెట్టారు?" అన్నాడు మామయ్య.

"దాంతోపాటు వాయించాలి మామయ్యా."

"నేను వాయిస్తూనే ఉన్నా. అదే నాకంటే ముందు పోతోంది. ఎక్కడికే దానికంత తొందర?"

అందరం పగలబడి నవ్వాం. ఏడోసారి కూడా ఆయన అదే మాట అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"ఇంకొక్కసారి చూద్దామా వెర్లిన్ గారూ?" అన్నాడు ప్రెస్కాట్, అంతే నెమ్మదిగా.

"చూద్దాం బాబూ" అని మామయ్య చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. ఆయన చేతులకు చెమట పట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

జనవరి 13

పొద్దున మామయ్యను బస్టాండులో దింపాం. ఎక్కబోతూ ఆగాడు.

"ఎక్కడైనా చెడగొట్టానేమో చూసుకో పిల్లా. బాగోకపోతే కబురు పెట్టు. శనివారం శనివారం వచ్చి మళ్ళీ వాయిస్తా. ఎంత, ఐదారు గంటల దారేగా."

"అన్నీ బాగా వచ్చాయి మామయ్యా" అన్నాను.

భోజనాలయ్యాక ప్రెస్కాట్ మాకు రెండు పాటలు వినిపించాడు. "ఆయన వాయిద్యంలో ప్రాణం లేదనను. కానీ మనిషి ఊపిరిలాగా వేగం పెరుగుతోంది, తగ్గుతోంది. మిగతా వాద్యాలు దానిమీద నిలబడటం లేదు. ఇక్కడ మైకా అని ఒకతను ఉన్నాడు. ఒక్క పూటలో మొత్తం సరిచేస్తాడు" అన్నాడు.

"ఆ టిక్కు తీసేసి, మామయ్యను మళ్ళీ పిలిచి, నలుగురం ఒకే గదిలో కూర్చుని వాయిస్తేనో?" అంది టాన్సీ.

"చెయ్యొచ్చు. అది మంచి రికార్డే అవుతుంది. మీ ఊళ్ళో."

ముగ్గురూ నా వంక చూశారు. పాటలు నావి. ఒప్పందం మీద మొదటి సంతకం నాది.

"ముందు వెర్లిన్‌కి ఫోన్ చెయ్యి" అన్నాడు కార్బిన్.

"ఇప్పుడు దారిలో ఉంటాడు. ఇల్లు చేరాక చేస్తా" అన్నాను. తర్వాత ప్రెస్కాట్ వైపు తిరిగి, అలాగే కానివ్వండి అన్నాను. ఆ వరసలోనే అన్నాను.

జనవరి 14

ఫోన్ చెయ్యలేదు. అంత ప్రయాణం చేసి అలసిపోయి ఉంటాడు.

జనవరి 15

మైకా వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాద తెలిసినవాడు. మూడు వేళ్ళతో వాయిస్తాడు. వాన చినుకులు రేకు మీద పడ్డట్టు, ఒక్కటీ తప్పు చోట పడదు. సాయంత్రానికి ఐదు పాటలు పూర్తిచేశాడు. బాగుంది. చెడ్డగా ఉంటే నాకు సుఖంగా ఉండేది. కానీ బాగుంది.

మధ్యలో కాఫీ దగ్గర అడిగాడు. "మీ బాంజో ఆయనకు ఒంట్లో బాగాలేదట. ఇప్పుడెలా ఉంది?"

అలా చెప్పి పిలిపించారన్నమాట.

"పర్లేదు" అన్నాను.

ఇలాంటివి అన్ని రికార్డుల్లోనూ జరుగుతాయి. టాన్సీ కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడమంటే, కాదని అనలేదు.

జనవరి 21, ఆదివారం

అమ్మ ఇంట్లో భోజనం. చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె. మామయ్యా ఓలీటా అత్తయ్యా వచ్చారు. నాష్‌విల్‌లో తాను పడ్డ పాట్లన్నీ మామయ్యే చెప్పి నవ్వించాడు. చెవిలో గడియారం కథకు అమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఇంతమంది మధ్య చెప్పే మాట కాదు. వచ్చే ఆదివారం విడిగా చెబుతాను.

జనవరి 28

మంచు. చెప్పలేదు.

ఫిబ్రవరి 4

చెప్పలేదు.

ఫిబ్రవరి 19

రికార్డు అట్ట వెనక వేసే పేర్లు కంపెనీవాళ్ళు పంపారు, తప్పులుంటే దిద్దమని. 'బాంజో: వెర్లిన్ కాడిల్' అని ఉంది. మైకా పేరు అట్టడుగున, కృతజ్ఞతల్లో, కాఫీ తెచ్చిన అమ్మాయి పేరు పక్కన. స్కూలు మెట్ల వీడియో చూసిన జనానికి ఆ చెయ్యి గుర్తుంది, ఆ పేరే ఉండాలి అని కింద ఒక ముక్క రాశారు.

టాన్సీ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది దిద్ది తిప్పి పంపాను.

రెండు పాటల్లో మామయ్య వాయించింది అడుగున సన్నగా ఉంచానని, మేం తిరిగొచ్చేటప్పుడు ప్రెస్కాట్ అన్నాడు. కాబట్టి ఆ పేరు పూర్తిగా అబద్ధం కాదు.

మార్చి 16

రికార్డు బయటికొచ్చింది! రెండు రోజులుగా ఫోన్ మోగుతూనే ఉంది. లెక్సింగ్టన్ ప్రదర్శనకు టికెట్లు లేవు, పన్నెండు వందల సీట్లూ నిండాయి. వేసవంతా, శరదృతువంతా కలిపి నలభై ఊళ్ళు. ఓహాయో నుంచి ఒక ముసలాయన ఉత్తరం రాశాడు, మా పాట విని పదిహేనేళ్ళుగా మాట్లాడని అన్నకు ఫోన్ చేశాడట. నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇందుకోసమే కదా ఇదంతా.

మామయ్యకు రికార్డు మొన్ననే ఇచ్చాను. ఇవాళ బస్సు కడుగుతుంటే వెళ్ళాను.

"విన్నావా?"

"విన్నా."

"ఎలా ఉంది?"

"బాగా పాడావే. మూడో చరణంలో అచ్చం మా అమ్మ గొంతే."

"బాంజో?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

గొట్టం కట్టేసి ఒక్క క్షణం బస్సు చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. "బాగుంది. చాలా బాగుంది" అన్నాడు.

కనిపెట్టలేదు! ముప్పై ఏళ్ళు బస్సునిండా పిల్లల అరుపులు విన్న చెవులు. ఆ మాత్రం తేడా ఏం తెలుస్తుంది.

ఏప్రిల్ 6

రేడియోవాళ్ళు నన్నూ మామయ్యనూ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ యాంకరమ్మ ఒకటే పొగడ్త. "మూడో పాట మధ్యలో బాంజో అలా జలజలా జారిపోతుందే, అది వింటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడ నేర్చుకున్నారండీ?"

మామయ్య నావంక చూశాడు. మామయ్య కంటే ముందు నా నోరే తెరుచుకుంది. "మా అమ్మమ్మ నేర్పిందండీ. వంటగదిలో."

"నిజమా వెర్లిన్ గారూ?"

"ఆవిడ నేర్పింది కొంత" అన్నాడు మామయ్య. "ఇంకా నేర్చుకుంటూనే ఉన్నానమ్మా."

ఎంత వినయమో అని ఆవిడ మురిసిపోయింది.

ఏప్రిల్ 19

రిహార్సల్. మామయ్య నడివేలుకు గుడ్డ కట్టు. ఏమైందంటే బస్సు తలుపులో నలిగిందన్నాడు.

రికార్డులో ఉన్నట్టే వాయిస్తున్నాడు. ఆ జలజలా జారేది కూడా, కొంచెం తడబడినా, వచ్చేసింది. టాన్సీ ఫిడేలు కమాను దించి అలా చూస్తూ నిలబడిపోయింది. నాకైతే గుండెమీది బండ దిగినట్టయింది. రికార్డులో ఉన్నదే వాయించేస్తుంటే ఇక చెప్పాల్సిన అవసరం ఏముంది? ఉన్న సంగతీ లేని సంగతీ ఒకటే అయిపోయాయి కదా.

తిరిగొచ్చేటప్పుడు కార్బిన్‌తో ఈ మాటే అన్నాను.  దిగేటప్పుడు, "నువ్వు ఆయన చేతివంక చూశావా అసలు?" అన్నాడు.

చూశాను. కట్టు ఉంది.

మే 4

లెక్సింగ్టన్. పన్నెండు వందల మంది. 'మూడో మెట్టు దాకా' మొదలుపెట్టగానే లేచి నిలబడ్డారు. మూడో పాటలో బాంజో దగ్గర ఈలలు, కేకలు. మామయ్య తలెత్తలేదు. తన కుడిచేతివంకే, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ వాయించాడు. ఒక్క తప్పు లేదు.

తెర వెనక ఐసుముక్కల బకెట్‌లో ముంజేతిదాకా ముంచి కూర్చున్నాడు.

"ఏంటి మామయ్యా?"

"లోపల ఉక్కగా ఉందిలే పిల్లా. నువ్వెళ్ళు, బయట జనం నీకోసం చూస్తున్నారు."

వెళ్ళాను. ఇవాళ నా జీవితంలో అన్నిటికంటే మంచి రోజు అని అందరితో అన్నాను.

మే 5

అత్తయ్య గిన్నె ఇచ్చొద్దామని వెళ్ళాను. మామయ్య చర్చికి వెళ్ళాడు, ఆవిడ వెళ్ళలేదు. కూర్చోమనలేదు. గిన్నె తీసుకుని, కడిగి తెచ్చినదాన్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"నిన్న బాగా జరిగిందటగా" అంది.

"మామయ్య అదరగొట్టాడత్తా."

"అదరగొట్టడా మరి. ఐదారు వారాలు. పొద్దున పిల్లల్ని దింపేసి, మళ్ళీ సాయంత్రం వేళ దాకా ఆ బస్సు షెడ్డులో కూర్చుని, మీ రికార్డు సగం వేగానికి తిప్పుకుని, ఒక్కో ముక్కా పట్టుకుని. యాభై ఏళ్ళు రెండు వేళ్ళతో వాయించిన మనిషి ఇప్పుడు మూడో వేలు నేర్చుకున్నాడు. తోలు ఊడిపోయింది. రాత్రిళ్ళు ఆ చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుంటాడు."



"బస్సు తలుపు అని చెప్పాడు" అన్నాను.

"చెబుతాడు. వాళ్ళక్క కూతురివి కదా." నీళ్ళు ఆపింది. "నువ్వు రికార్డు ఇచ్చిన రోజు మొదటిపాట సగం కూడా కాలేదు రోవీనా. లేచి నిలబడి, 'ఓలీటా, ఇది నేను కాదు' అన్నాడు. అట్ట తిప్పి తన పేరు చూసుకున్నాడు. మళ్ళీ కూర్చుని రెండువైపులా చివరిదాకా విన్నాడు. 'పిల్ల చెబుతుందిలే' అన్నాడు. ఒక ఆదివారం పోయింది, రెండు పోయాయి. 'చెప్పలేకపోతోందేమో. స్టేజీ మీద నేను ఇంకోలా వాయిస్తే నలుగురూ దాన్ని పట్టుకుంటారు' అని షెడ్డుకెళ్ళి కూర్చున్నాడు. నేను వద్దన్నా. నేనైతే పట్టుకోనిచ్చేదాన్ని."

మే 6

పొద్దున బస్సు షెడ్డుకు వెళ్ళాను. పిల్లల్ని దింపేసి వచ్చి సీట్ల కింద ఊడుస్తున్నాడు. మెట్టు మీద నిలబడి అంతా చెప్పాను. జనవరి పదమూడు నుంచి. పేర్ల కాగితం సంగతి కూడా.

ఆయన ఊడవడం ఆపలేదు. అయిపోయాక చీపురు ఆనించి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"బాగోకపోతే కబురు పెట్టమన్నా కదే."

"అవును."

"వచ్చేవాణ్ణిగా. నాకు చేతకాదని మొహమ్మీద చెప్పుంటే ఒక పూట బాధపడేవాణ్ణి. ఒక్క పూట. తర్వాత ఆ కుర్రాడు వాయిస్తుంటే పక్కన కూర్చుని వినేవాణ్ణి."

"నన్ను అడగొచ్చుగా మామయ్యా. తెలిసిన రోజే తిట్టొచ్చుగా."

"నువ్వు చెబుతావని చూశా."

మెట్టు మీదే కూర్చుండిపోయాను. 

"నలభై ఊళ్ళకూ నేను రాను" అన్నాడు. "కోపంతో కాదు. కోపం లేదని కాదు, ఉంది. కానీ అందుక్కాదు. నిన్న చర్చిలో అమ్మ పాటొకటి వాయించమన్నారు. చెయ్యి అటుపోలేదే. ఆ మూడోవేలు దూరుతోంది మధ్యలో. అది పోతుందో లేదో నాకే తెలీదు."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోబెట్టలేదు. ఊరుకోబెట్టకపోవడం ఇదే మొదటిసారి. నేను ముక్కు తుడుచుకున్నాక, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆ కుర్రాడి పేరేంటి?"

"మైకా."

"నంబరుందా? మూడో పాటలో ఆ జారుడు వాడు పైనుంచి పట్టుకుంటున్నాడా, కింద నుంచా? నాకు ఎంత తిప్పి విన్నా అంతు చిక్కలేదు."

నంబరు చెప్పాను. అరచేతిలో రాసుకున్నాడు.

మే 23

కంపెనీకి రాశాను. తర్వాత అచ్చు వేసేవాటిలో బాంజో దగ్గర మైకా పేరు వేస్తారట. మొదటి విడత ఇప్పటికే జనం ఇళ్ళల్లో ఉంది. దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. అమ్మకు నేనే చెప్పాను. అమ్మ విని, "భోజనం చేసి వెళ్ళు" అంది. వడ్డించి తను తినలేదు.

జూన్ 15

నాక్స్‌విల్. బాంజో లేకుండా ముగ్గురమే వాయిస్తున్నాం. ఇవాళ ఆగలేక పాటకు ముందు స్టేజీ మీద మొత్తం చెప్పేశాను. ఆ పేరు ఎవరిదో, ఆ చెయ్యి ఎవరిదో, నేనేం చేశానో.

చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బయట ఒకావిడ నన్ను కావలించుకుని, ఎంత ధైర్యమమ్మా నీకు అంది. ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. వ్యానులో కార్బిన్ అన్నాడు, "ఇది రోజూ చెప్పకు రో. రోజూ చెబితే ఇదీ ఒక పాటైపోతుంది."

మళ్ళీ చెప్పను.

జులై 2

మైకా ఫోన్ చేశాడు. పర్యటనలో మాతో రమ్మని కంపెనీవాళ్ళు అడిగితే రానన్నాడట.

"ఆయనకు ఒంట్లో బాగాలేదని మీరు నాతో అన్నారు."

"నేను పర్లేదు అన్నాను."

"అదే" అన్నాడు. "నేను వాయించినదాన్ని నకలు చెయ్యడానికి ఆయన చెయ్యి పాడుచేసుకున్నాడండీ. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వాళ్ళావిడ చెప్పింది. ఆయన మాత్రం గంటసేపు నన్నే పొగిడాడు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆ రోజు ఆయన వాయించింది వినిపించమని అడగాల్సింది నేను" అన్నాడు. నా తప్పులో అతను కూడా వాటా తీసుకుంటున్నాడు. ఇవ్వాలనిపించలేదు.

జులై 30

పిట్స్‌బర్గ్, తర్వాత క్లీవ్‌లాండ్. జనం ప్రతిచోటా ఎక్కువే. ఇంకో రికార్డు మాట కూడా ఎత్తారు. కొత్త పాటలున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. లేవు.

అమ్మ ఫోనులో చెప్పింది. ఆదివారాలు వెర్లిన్, ఆ నాష్‌విల్ అబ్బాయి గంటలు గంటలు మాట్లాడుకుంటారట. నాకు మామయ్య దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తుతాడు. బాగున్నావా, తిన్నావా, జాగ్రత్తగా నడపండి అంటాడు. అంతే.

ఆగస్టు 25, ఆదివారం

నాలుగు రోజులు విరామం. ఇంటికొచ్చాం. మధ్యాహ్నం నేనొక్కదాన్నే మామయ్య ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. ముందు తెలీని కారుంది, టెన్నెసీ నంబరు, నాష్‌విల్ వైపుది.

వరండాలో మామయ్య, మైకా ఎదురెదురుగా. మైకా తన నడివేలును ఉంగరపు వేలితో కలిపి రబ్బరు బ్యాండు చుట్టేసుకున్నాడు, అది మధ్యలో దూరకుండా. మామయ్యా అదే చేసుకున్నాడు. ఇద్దరూ రెండు వేళ్ళతో తంటాలు పడుతున్నారు.

"బొటనవేలు ముందు పడాలయ్యా. బొటనవేలు ఇంటి పెద్ద. చూపుడువేలు కోడలు. వెనక రావాలి" అంటున్నాడు మామయ్య.

"మా ఇంట్లో కోడలే ముందు నడుస్తుంది సార్" అన్నాడు మైకా.

అత్తయ్య లోపల్నుంచి నవ్వడం వినిపించింది. నన్ను చూసి మామయ్య తల ఊపాడు. "రావే. కూర్చో" అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాను.

'మూడో మెట్టు దాకా' అందుకున్నారు. నేను రాసినప్పుడు, మా నలుగురి మధ్యా మొదటిసారి పలికినప్పుడు ఎలా ఉందో అలా. అక్కడక్కడ చెయ్యి తడబడుతోంది. మామయ్య మొహం చిట్లించుకుని, ఆగి, మళ్ళీ అందుకుంటున్నాడు. చరణం చివర వేగం పెరిగింది, నీళ్ళు మెట్లెక్కినట్టే. తర్వాత తగ్గింది. మా రికార్డులో ఎక్కడా ఇలా లేని పాట. నేను పోగొట్టినదేదో నా ఎదురుగానే ఉంది.

చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి ఫోను తీసింది.

"లోపల పెట్టు పిల్లా" అన్నాడు మామయ్య, తీగల మీంచి కళ్ళెత్తకుండా. "ఊరికే విను."

లోపల పెట్టేశాను. పాట అయింది. నన్ను పాడమంటాడేమోనని గొంతు సవరించుకున్నాను. అనలేదు. ఇంకో పాట, నాకు రానిది, అమ్మమ్మది, మొదలుపెట్టారు. అదీ అయ్యేదాకా విని, మెల్లగా లేచి వచ్చేశాను. వాళ్ళు తమ ధ్యాసలో ఉన్నారు. నేను వెళ్ళడం మామయ్య చూడలేదనుకుంటాను.

చూసే ఉంటాడు.